ఊరు మారిన లక్కపిడతలు

వీడియోలు తీసేవాళ్లకి అందరూ చెప్పే ఓదార్పు ఒకటుంది. "ఎత్తుకుపోతే పోనీండి, నాలుగు చోట్లకీ చేరుతుంది కదా!" ఈ మాట అనేవాళ్లలో తమ పని పోగొట్టుకున్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. చేరుతుంది, కాదన్ను. ఏం చేరుతుందన్నదే నా పేచీ.

ఏటికొప్పాకలో లక్కపిడతలు చేసే ఒకాయన పనిని చిన్న వీడియోగా తీశాను. అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలితో నునుపు తీసి, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ మీదట మొగలి ఆకు మడిచి అదిమితే మెరుపొస్తుంది. చూడ్డానికి రెప్పపాటు పని. అది కెమెరాకి చిక్కాలంటే మాత్రం వెలుగు పక్కనుంచి పడాలి, కిటికీలో ఎండ దిగేదాకా కాచుక్కూచోవాలి. మోటారు రొదలో ఆయన మాట వినబడాలంటే మైకు చొక్కాకే తగిలించాలి. అన్నీ అయ్యాక వీడియో కింద ఆయన పేరు, ఊరు, ఆర్డర్లకు ఫోన్ నంబరు పెట్టాను.

కొన్నాళ్లకు అదే వీడియో వేరే సైట్లో కనిపించింది. అంచులు కోసేశారు, దాంతో మూలనున్న నా పేరు ఎగిరిపోయింది. ఆటోమేటిక్ తనిఖీకి దొరక్కుండా బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పేశారు, పాపం ఆయనకు పుర్రచేతి వాటం వచ్చేసింది. మాటలు తీసి వీణ ముక్క ఒకటి అతికించారు. పైన శీర్షిక: చన్నపట్న బొమ్మలు ఇలా చేస్తారు! అక్కడా ఇదే జాతి కర్ర, ఇదే లక్క. చూసినవాళ్లకి అనుమానం ఎందుకొస్తుంది? ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాన్ని ఒక్క శీర్షికతో కర్ణాటకకు పంపేశారు.

కింద కామెంట్లు చదివితే కడుపు రగిలిపోయింది. ఎక్కడ దొరుకుతాయండీ, నంబరుంటే పెట్టండి, మా మనవరాలికి కావాలి... జవాబు చెప్పే నాథుడు లేడు. ఆయనకీ ఎవరో ఆ కాపీనే పంపారట. ఫోన్ చేసి, "సేతులు నావే గానీ ఊరు నాది కాదంట గదా బాబూ" అన్నాడు.

యాడ్ల డబ్బు పోయిందని ఏడుస్తున్నానా? నా చానల్‌కొచ్చే డబ్బు టీ ఖర్చుకి సరిపోతుంది. పోయింది చిరునామా. చూసేవాడికీ చేసేవాడికీ మధ్య దారి తెగిపోయింది.

ఇది ఇవాళ్టి జబ్బు కాదు. 2015లో అమెరికన్ యూట్యూబర్ హ్యాంక్ గ్రీన్ దీనిమీద ఘాటుగా రాశాడు. ఆ ఏడాది మొదటి మూడు నెలల్లో ఫేస్‌బుక్‌లో జనం ఎగబడి చూసిన 1000 వీడియోల్లో 725 వేరేచోట నుంచి ఎత్తుకొచ్చినవేనని ఓగిల్వీ, ట్యూబ్యులర్ ల్యాబ్స్ సంస్థలు తేల్చిన లెక్కని అందులో ఎత్తిచూపాడు. మరుసటేడు ఫేస్‌బుక్ రైట్స్ మేనేజర్ తెచ్చింది. యూట్యూబ్‌కి కంటెంట్ ఐడీ 2007 నుంచే ఉంది. ఎవరు కాపీ ఎక్కించినా దానంతటదే పసిగడుతుంది. అయితే అది సినిమా కంపెనీలు, మ్యూజిక్ కంపెనీల్లాంటి పెద్ద గిడ్డంగి ఉన్నవాళ్లకే. మనలాంటివాళ్లకి ఫిర్యాదు ఫారమే గతి.

ఆ ఫారం నింపడం ఒక పూట పని. అసలు లింకు, కాపీ లింకు, మన పేరు, చిరునామా, నిజమే చెబుతున్నానని ప్రమాణం, సంతకం. దొంగ సొత్తు పెట్టుకున్నవాడు ఎవరో మనకు తెలియదు, మన వివరాలు మాత్రం వాడికి చేరే అవకాశముంది. వంటల వీడియోలు తీసే ఇల్లాలు ఒకతె, ఇంటి అడ్రసు రాయాల్సి వచ్చి ఫిర్యాదే మానుకుంది. ఆమెని నేను తప్పుపట్టలేను.

"రిజిస్టర్ చేయించారా?" అని కొందరు లాయర్లా అడుగుతారు. అక్కర్లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం తీసినప్పుడే హక్కు పుడుతుంది. ఫిర్యాదు అందాక మధ్యవర్తి సైటు 36 గంటల్లో దాన్ని అందకుండా చేయాలని, కోర్టు ఉత్తర్వు రాకపోతే 21 రోజుల తర్వాత తిరిగి పెట్టుకోవచ్చని మన నిబంధనలు. ఇరవై ఒక్క రోజుల్లో లక్కపిడతల వీడియో కోసం కోర్టుకెక్కేదెవరు? పైగా కాపీని స్వయంగా ఎక్కించినవాడు మధ్యవర్తి కాడు, నేరుగా ఉల్లంఘించినవాడే. వాడు పలక్కపోతే సైటుకి చోటిచ్చిన హోస్టింగ్ కంపెనీకి రాయాలి, గూగుల్ వెతుకులాటలోంచి తీసేయమని ఇంకో ఫారం పెట్టాలి. సినిమా పైరసీ అయితే పోలీసులు కదులుతారు, ఫిల్మ్ చాంబర్ కదులుతుంది. మనకి కదిలేది మన వేళ్లే.

ఆ కాపీరైట్ చట్టంలో నాకు బాగా నచ్చేది 57వ సెక్షన్. కాపీరైట్ అమ్మేసుకున్నా సరే, ఇది నా పని అని చెప్పుకునే హక్కు కర్తకి మిగులుతుందంటుంది. చట్టం లెక్కలో ఈ వీడియోకి కర్తని నేనే. చేతులాయనవి, పేరు నాది. ఆ అసమానత నాకూ ముల్లులా గుచ్చుకుంటుంది. దానికి ఏ ఫారమూ లేదు.

అలాగని ముట్టుకుంటే కేసు అనే మడి కూడా నాకొద్దు. నా వీడియోలో పది సెకన్లు చూపించి, "ఇదిగో, ఈయన వెలుతురు పాడుచేశాడు" అని విమర్శించే కుర్రాడికి 52వ సెక్షన్ అండ ఉంది, ఉండాలి. 2025లో వార్తాసంస్థ ఏఎన్ఐకీ కొందరు యూట్యూబర్లకీ జరిగిన గొడవ గుర్తుందా? కొద్ది సెకన్ల క్లిప్పులకు కాపీరైట్ స్ట్రైకులు వేసి లక్షలడిగారని వీళ్లు, మా హక్కులు మేం చట్టబద్ధంగా కాపాడుకుంటున్నామని వాళ్లు. మూడు స్ట్రైకులు పడితే చానలే పోతుంది గనక ఆ కర్ర ఎవరి చేతిలో ఉన్నా భయమే.

నిజంగా నచ్చి తమ సైట్లో చూపించాలనుకుంటే ఎంబెడ్ అని సుబ్బరమైన దారుంది. వీడియో నా దగ్గరే ఉంటుంది, వాళ్ల పేజీలో ఆడుతుంది, నొక్కితే నంబరు దగ్గరికే తీసుకొస్తుంది. దానికి నన్ను అడగక్కర్లేదు కూడా. దించుకుని, కోసి, తిప్పి, మళ్లీ ఎక్కించే శ్రమలో పదో వంతు కూడా పట్టదు.

ఈ మధ్య నేను పేరుని మూలల్లో పెట్టడం మానేసి పనిలోనే కలిపేస్తున్నాను. మన వాగ్గేయకారులు ఆ పని ఏనాడో చేశారు. క్షేత్రయ్య పదంలోంచి మువ్వగోపాలుణ్ని తీసేస్తే పాట కుంటుతుంది, త్యాగయ్య ముద్ర చరణంలోనే కలిసిపోయి ఉంటుంది. అందుకని, కిందటిసారి వెళ్లినప్పుడు ఆయన్ని పని ఆపకుండానే చెప్పమన్నాను. లక్క కడ్డీ ఆనిస్తూ, "మా ఏటికొప్పాకలో ఇంత వేడి సాలు, ఎక్కువైతే రంగు మాడిపోద్ది" అన్నాడు. ఊరు పేరు తీయాలంటే కిటుకూ పోతుంది. పిడత అడుగున ఆయన పేరు చెక్కడం కూడా దగ్గరగా తీశాను. వీడియోని అద్దంలోలా తిప్పేస్తే ఆ అక్షరాలు కుడిఎడమలై దొంగతనం తనంతట తానే బయటపడుతుంది.

వీణ ముక్కతో మాట కప్పేసి, పిడత అడుగు కోసేస్తే? కోస్తారు. పాత కాపీ మీద పెట్టిన ఫిర్యాదుకి నిన్ననే బదులొచ్చింది: అసలు వీడియో మీదేనని రుజువు పంపండి. కెమెరాలోని ముడి ఫుటేజీ వెతుకుతున్నాను.