దస్తావేజు నుంచి దీవాను దాకా

పాలకుర్తి అనగానే సోమనాథుడు గుర్తొస్తాడు. అదే మండలంలో బమ్మెర ఉంది, అక్కడ పోతన. తెలుగు సాహిత్యం చదువుకున్నవాళ్లకు ఈ రెండు పేర్లూ చాలు. ఊరివాళ్లను అడిగితే మూడో పేరు కూడా చెబుతారు, చాకలి ఐలమ్మ. విసునూరు దేశ్‌ముఖు కన్నేసిన పంటను సంఘం అండతో ఇంటికి చేర్చుకున్న మనిషి. ఈ ముగ్గురి నేల మీద నిలబడి ఉర్దూ కవిత్వం తెలుగులోకి ఎట్లా వచ్చిందో చెప్పాలని నా ప్రయత్నం. సంబంధం లేని మాటగా తోచవచ్చు. చాలా సంబంధం ఉంది.

పాలకుర్తి రైతుకు ఉర్దూ మొదట కవిత్వంగా ఎదురుకాలేదు. కాగితంగా ఎదురైంది. నిజాం రాజ్యంలో ఫారసీ స్థానంలో ఉర్దూ సర్కారు భాష అయింది 1884లో. అప్పటి నుంచి పట్టా, పహాణీ, సేత్వారు, జమాబందీ, దరఖాస్తు, జుర్మానా, రసీదు అన్నీ ఆ లిపిలోనే. తన భూమి తనదేనని రుజువు చేసుకోవాలన్నా తనకు రాని అక్షరాలనే నమ్ముకోవాలి. చదివి చెప్పేందుకు పట్వారీ కావాలి, వకీలు కావాలి. వాళ్లు చదివి చెప్పిందే నిజం. ఐలమ్మ లాంటివాళ్ల పొలం తగాదాల్లో ఈ లిపి కూడా ఒక కక్షిదారే.

ఇంకోవైపు అదే భాష ఇళ్లలోకీ నడిచొచ్చింది. నసీబు, ఇజ్జత్, దోస్తు, తకలీఫు, పరేషాను, యాది, ఖుషీ. కచేరీలో భయపెట్టిన భాషే పెండ్లి పందిట్లో, పీర్ల పండుగలో, దోస్తుల ముచ్చట్లలో నోటికి హితవైంది. తెలంగాణ అనువాదకుడి చేతికి అందిన ఉర్దూ ఇట్లా రెండు ముఖాలున్నది. దస్తావేజు ఉర్దూ మీద కోపం కవితల దీవాను ఉర్దూ మీదికి పోకుండా కాపాడుకోవడమే ఆయన చేసిన మొదటి పని. అది భాషాజ్ఞానం ఒక్కదానితో అయ్యే పని కాదు, మనసు పెద్దది చేసుకోవాలి.

దానికి పూర్వరంగం ఈ ప్రాంతపు పత్రికల్లో ఉంది. 1922లో మానుకోట తాలూకా ఇనుగుర్తి అనే పల్లెటూళ్లో ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు, 'తెనుగు' పత్రిక పెట్టారు. పట్నంలో కాదు, సొంత ఊళ్లో, సొంత ముద్రణాలయంతో. సర్కారు భాష ఉర్దూగా ఉన్న రాజ్యంలో ఒక పల్లె నుంచి తెలుగు వారపత్రిక నడపడం ఎంత తెగువో ఇవాళ ఊహించడం కష్టం. ఆ అన్నదమ్ములు సంస్కృతంతో పాటు ఉర్దూ, ఫారసీ నేర్చుకున్నారు, ఇంకా పలు భాషల్లోకి తొంగిచూశారు, అనువాదాలు చేశారు. తెలుగు కోసం నిలబడటానికి ఉర్దూను దూరం పెట్టాలని వాళ్లు అనుకోలేదు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన 'గోలకొండ' పత్రికదీ ఇదే దారి. మందుముల నరసింగరావు తెలుగువాడై ఉండి 'రయ్యత్' అనే ఉర్దూ పత్రిక నడిపారు. ఆ పత్రికలో పనిచేసిన మానుకోట ప్రాంతపు షోయబుల్లాఖాన్ తర్వాత 'ఇమ్రోజ్' పెట్టి, హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూలోనే రాశాడు. 1948 ఆగస్టులో ఆయన్ను నడిరోడ్డు మీద చంపేశారు. రజాకార్లను ఎదిరించిన కలాల్లో ఉర్దూ కలం ఉందని ఓరుగల్లు జిల్లా ఇట్లా నెత్తురుతో రుజువు చేసింది.

పత్రికాఫీసు అనువాదానికి గొప్ప బడి. ఫర్మానాలు, సర్కారు జరీదాలో వచ్చే గష్తీలు, కోర్టు ఫైసలాలు ఉర్దూలో వస్తాయి. అవి రేపటికల్లా తెలుగులో పోవాలి, చదివినవాడికి అర్థం కావాలి. అక్కడ అలంకారాలకు వేళ ఉండదు. ఏ మాటను తెలుగు చేయాలి, ఏ మాటను జనం ఇప్పటికే తమదిగా చేసుకున్నారు గనుక వదిలేయాలి అన్న వివేకం ఆ పనిలో పదునెక్కుతుంది. 'పట్టా'ను సంస్కృతీకరించి రాస్తే రైతుకు తన పట్టానే తెలియకుండా పోతుంది.

ఇక దాశరథి కృష్ణమాచార్య దగ్గరికి వద్దాం. పాలకుర్తి నుంచి తొర్రూరు దాటి ముందుకు పోతే ఆయన పుట్టిన చిన్నగూడూరు. 1925 జులై 22న శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టాడు. ఇంట్లో సంస్కృతం, బడిలో ఉర్దూ, వీధిలో తెలుగు. నిజాం పాలనకు ఎదురు తిరిగి జైలుకు పోయాడు. ఇందూరు జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి తోడుగా ఉండగా బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. 1949లో 'అగ్నిధార', మరుసటి ఏడు 'రుద్రవీణ'. ఆ నిప్పులు చెరిగిన కవే 1961లో 'గాలిబ్ గీతాలు' తెచ్చాడు. బాపు బొమ్మలు వేశారు, అక్కినేని నాగేశ్వరరావుకు అంకితం. తనను జైల్లో పెట్టిన రాజ్యం ఏ భాషలో హుకుం రాసిందో ఆ భాషలోని మహాకవిని తన భాషకు బంధువును చేశాడు. ఆయన మొత్తం జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే పని ఇది.

ఎట్లా చేశాడన్నది ఇప్పుడు చూడాలి. ఇక్కడే సోమనాథుడూ పోతనా మళ్లీ వస్తారు.

తెలుగులో అనువాదమంటే చాలాచోట్ల పెంచడమే. పోతన భాగవతాన్ని చూడండి. మూలంలో క్లుప్తంగా సాగిన చోట ఆయన ఆగిపోతాడు, కళ్లు మూసుకుని చూస్తాడు, పద్యం మీద పద్యం పుట్టుకొస్తుంది. గజేంద్రమోక్షంలో ఏనుగు మొర మన చెవిలో ఇంతకాలం మోగుతూ ఉండటానికి ఆ పెంపకమే కారణం. ఆ పద్ధతితో గజల్ దగ్గరికి పోతే గజల్ చచ్చిపోతుంది. షేర్ అంటే రెండు మిస్రాలు, అంటే రెండు పాదాలు. చెప్పదలచుకున్నదంతా ఆ రెంటిలోనే పుట్టి ఆ రెంటిలోనే ముగియాలి. పక్క షేర్‌తో దానికి కథాసంబంధం ఉండదు. మత్లా అనే మొదటి షేర్‌లో రెండు పాదాలకూ కాఫియా, రదీఫ్ పడతాయి. కాఫియా అంటే ప్రాస, రదీఫ్ అంటే దాని వెనక మారకుండా వచ్చే మాట. తర్వాతి షేర్లలో రెండో పాదానికే అవి వస్తాయి. చివరి షేర్ మక్తాలో కవి తన తఖల్లుస్, అంటే కలంపేరు, పెట్టుకుంటాడు. ముషాయిరాలో మొదటి మిస్రాను కవి రెండుమూడు సార్లు చదివి వినేవాళ్లను ఆగబెడతాడు. రెండో మిస్రా చివర్లో ముడి విప్పుతాడు. 'వాహ్' అన్న మాట అక్కడ పుడుతుంది.

రెండు పాదాల లెక్క మనకు కొత్తది కాదు. సోమనాథుడు బసవపురాణాన్ని, పండితారాధ్య చరిత్రను రాసిన ద్విపద అదే. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, రెండు పాదాలకూ రెండో అక్షరం ప్రాస. అయితే ద్విపద ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పరుగెత్తుతుంది, కథ చెబుతుంది. షేర్ ఒంటరిగా నిలబడుతుంది. ఇంకో తేడా ఉంది. మన ప్రాస పాదం మొదట్లో ఉంటుంది, ఉర్దూ ప్రాస చివర్లో. మన చెవి పాదం ఎత్తుకోగానే తృప్తిపడుతుంది, వాళ్ల చెవి పాదం దిగేదాకా ఎదురుచూస్తుంది. షేర్‌ను తెలుగు చేయాలంటే చెవిని ఆ చివరికి జరపాలి. దాశరథి ఎదుర్కొన్న చిక్కు అదే. పద్యం మీద ఆయనకున్న పట్టు చిన్నదేమీ కాదు. ఆ పట్టు ఉన్నవాడు గనుకే బరువు ఎక్కడ వేయాలో తెలిసింది.

ఒక్క షేర్‌ను దగ్గరగా చూద్దాం. ప్రతి పనీ సులువుగా అయ్యేది కాదని, మనిషికి సైతం మనిషి కావడం గగనమని గాలిబ్ ఒక చోట అంటాడు. మూలంలో మనిషికి రెండు మాటలున్నాయి, ఆద్మీ, ఇన్సాన్. పుట్టుకతో వచ్చేది మొదటిది, నడవడితో సంపాదించుకునేది రెండోది. మామూలు అనువాదకుడైతే రెండు మాటలకూ రెండు మాటలు వెతికి మనిషి, మానవుడు అని రాసేవాడు. అప్పుడు చదివేవాడు తేడా ఏమిటా అని నిఘంటువు కోసం లేస్తాడు, కవిత అక్కడే చల్లారిపోతుంది. దాశరథి 'నరుడు' అన్న ఒక్క మాటనే రెండుసార్లు వాడాడు. మొదటిసారి అన్నప్పుడు దేహం, రెండోసారి అన్నప్పుడు గుణం. తేడా చెప్పే పని మాటది కాదు, పలకడంలోని ఒత్తిడిది. అక్షరానికి దూరమై అర్థానికి దగ్గరయ్యాడు. తెలుగువాళ్లు దాన్ని అనువాదమని మరిచి సొంత సామెతలా వాడుకున్నారు.

వ్యాకరణం దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. ఉర్దూ గజల్‌లో ప్రేయసి గురించి చెప్పేటప్పుడు కూడా క్రియ పుంలింగంలోనే నడుస్తుంది. అది అక్కడి మర్యాద. తెలుగులో 'వచ్చాడు' అంటే ఒక అర్థం, 'వచ్చింది' అంటే ఇంకొకటి. ఆ ప్రేయసి అమ్మాయో, రాజో, దేవుడో తేలకపోవడమే గజల్ అందం, మనం లింగం పెట్టగానే ఒక తలుపు మూసుకుంటుంది. చేయి తిరిగిన అనువాదకులు 'నీవు' వైపు తిరుగుతారు. మధ్యమపురుషకు తెలుగులో లింగభేదం లేదు. 'వచ్చావు' అంటే ఎవరైనా కావచ్చు.

శబ్దం సంగతి మరీ కష్టం. ఉర్దూ పాదం హల్లు మీద ఠక్కున ఆగుతుంది. తెలుగు అజంత భాష, పాదం చివర అచ్చు సాగుతుంది. దెబ్బ కొట్టాల్సిన చోట రాగం వస్తుంది. దీనికి పూర్తి మందు లేదని నా అభిప్రాయం. పొట్టి క్రియలతో ముగించడం, ద్విత్వాక్షరాలను పాదం చివరికి తెచ్చుకోవడం కొంత నయం. దాశరథి చేతిలో 'మ్ము' లాంటి ద్విత్వాలు అంత మాటిమాటికీ పడటం పాతకాలపు వాసన అని కొందరు అనుకుంటారు. నాకు మాత్రం అది చెవి ఎరిగిన కవి ఎంచుకున్న ఆనకట్టలా తోస్తుంది.

సాకీ, మధుశాల, దీపం చుట్టూ పురుగు, పంజరంలో బుల్‌బుల్ లాంటి సరంజామా విషయంలో మన అనువాదకులు తొందరగానే తెలివి తెచ్చుకున్నారు. దువ్వూరి రామిరెడ్డి ఫారసీ నేర్చుకుని రాసిన 'పానశాల'తో సాకీ తెలుగువాళ్లకు పరిచయమైపోయింది. బుల్‌బుల్‌ను కోయిలగా మార్చనక్కర లేదు. కోయిలకు వసంతం ఉంది, గులాబీ మీద పిచ్చి లేదు.

గాలిబ్ కంటే మన నేలకు దగ్గరివాడు అమ్జద్ హైదరాబాదీ. 1908 మూసీ వరదలో తల్లి, భార్య, కూతురు కళ్లెదుటే కొట్టుకుపోతే ఒంటరిగా మిగిలి, రుబాయీలు రాసుకున్న కవి. ఆయన్ను తెలుగులోకి తెచ్చింది ఆదిలాబాదు సామల సదాశివ. 1928లో దహెగాం దగ్గరి తెనుగుపల్లెలో పుట్టి, ఉపాధ్యాయుడిగా పనిచేసి, 'ఉర్దూ సాహిత్య చరిత్ర' రాసి, పత్రికా శీర్షికల్లో 'యాది'ని, 'మలయమారుతాల'ను పంచిపెట్టాడు. 'స్వరలయలు'కు 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడే పోయాడు.

రుబాయీలో నాలుగు పాదాలు. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు ప్రాస. మూడోది విడిగా ఉండి ఊపిరి బిగబట్టిస్తుంది, నాలుగోది తగులుతుంది. మన శతక పద్యంలో నాలుగో పాదం తరచుగా మకుటానికి పోతుంది గనుక బరువంతా మూడో పాదానికల్లా దిగిపోతుంది. వేమన చెవితో రుబాయీని వింటే నాలుగో పాదం వచ్చేలోపే మనం లేచిపోతాం. అనువాదకుడు ఆ అలవాటుకు ఎదురీదాలి.

సదాశివ వచనం నాకు ఇంకా ఇష్టం. ఆయన ముందు షేర్‌ను ఉర్దూలోనే, తెలుగు లిపిలో ఇస్తాడు. తర్వాత ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు తాత్పర్యం చెబుతాడు. ఆ షేర్ ఎవరు పాడారో, ఏ రాగంలో పాడారో, తాను ఎక్కడ విన్నాడో చెబుతాడు. చదివేవాడికి తెలుగులో అర్థం, ఉర్దూలో శబ్దం రెండూ దక్కుతాయి. పద్యానికి పద్యం చేయాలన్న పట్టుదల కంటే ఈ పద్ధతి చాలాసార్లు మేలు. రోజూ పత్రిక చదివే మామూలు పాఠకుడిని నమ్మిన పద్ధతి ఇది. పైగా నసీబును విధిగా, తకలీఫును వేదనగా మార్చే అవసరం ఆయనకు కలగలేదు. జనం నోట్లో ఉన్న ఉర్దూను జనానికే తిరిగి చూపించాడు.

లిపి మార్చడంలోనూ నైపుణ్యం ఉంది. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులు సాధారణంగా కనిపించవు, చదివేవాడికి తెలిసి ఉండాలి. తెలుగులో ప్రతి అచ్చూ రాయాల్సిందే. ఒక్క గుణింతం తప్పితే ఛందస్సు కుంటుతుంది, అర్థం మారుతుంది. మూల లిపిని కూడబలుక్కునేవాళ్లు తగ్గిపోతూ దేవనాగరి పుస్తకాల మీద ఆధారపడే అనువాదాలు పెరుగుతున్నాయి. నాగరిలో నుక్తా జారిపోతే రెండు వేర్వేరు మాటలు ఒకటైపోతాయి. ఆ పొరపాటు తెలుగులోకి వచ్చేసరికి కవి అనని మాట కవి నోట పెట్టినట్టవుతుంది. ఉర్దూ లిపిని ఆరు నెలలు కూర్చుని నేర్చుకోమని కొత్త అనువాదకులకు చేతులెత్తి చెప్పాలనిపిస్తుంది.

ఈ రాకపోకలు ఒకవైపువే కావు. పాలకుర్తి చుట్టుపక్కల సాగిన భూపోరాటం కిషన్ చందర్ కలంలో 'జబ్ ఖేత్ జాగే' అనే ఉర్దూ నవల అయింది. దాని ఆధారంగా గౌతమ్ ఘోష్ 'మాభూమి' తీశాడు. దొర గడీ ముందు లేచిన గొంతు ఉర్దూలోకి పోయి తెలుగు తెర మీదికి తిరిగొచ్చింది. అంతకు ఆరు వందల ఏళ్ల ముందు, 1369లో, భీమకవి సోమనాథుడి బసవపురాణాన్ని కన్నడం చేశాడు. సోమనాథుడు తానే వృషాధిప శతకంలో కన్నడ, తమిళ, మరాఠీ పద్యాలు రాశాడు. ఈ ఊరి కవికి పక్క భాష పరాయిది కాలేదు.

చేయాల్సింది చాలా మిగిలే ఉంది. గాలిబ్ మీద మోజులో గోలకొండను మరిచాం. తన నగరం మీద, వానల మీద, వసంతోత్సవాల మీద దక్కనీలో రాసుకున్న మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం తెలుగు పాఠకుడి చేతికి నిండుగా చేరలేదు. ఢిల్లీ ఉర్దూ కంటే అది మన నోటికి దగ్గర. జీలానీ బానో లాంటి హైదరాబాదు రచయిత్రుల కథల్లో మన గడీలు, మన వాడలు, మన ఆడవాళ్లు ఉన్నారు. కవిత్వానికి పెట్టిన శ్రమలో సగమైనా ఆ వచనానికి పెట్టే జర్నలిస్టులు, ఉపాధ్యాయులు ముందుకు రావాలి. రోజూ రెండు భాషలు వింటూ పెరిగిన వరంగల్, జనగామ, మానుకోట పిల్లలకు ఆ పని ఇంకెవరికంటే బాగా వస్తుంది.