ఒక వ్యాధికి మూడు పేర్లు

వ్యాధి పేరు సీసాకు అంటించిన చీటీ వంటిదే గదా, దానిని విమర్శించవలసిన అవసరమేమి అని పాఠకులు అడుగవచ్చును. కాని ఆ చీటీయే వైద్యుని చూపును ఒక ప్రక్కకు త్రిప్పుతుంది. పాఠంలోకి వచ్చినప్పుడు విద్యార్థి ఆలోచనను కూడా త్రిప్పుతుంది. తెలుగునేలపై గమనింపబడిన ఒక ఊపిరితిత్తుల వ్యాధి ఇందుకు మంచి నిదర్శనం.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి అధిపతిగా ఉండిన ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే వైద్యునితో కలిసి 1940 లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఒక వ్యాసం ప్రకటించారు. ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు హెచ్చుగా ఉండే "క్షయాభాస" స్థితి అన్నది దాని విషయం. ఈ రోగులకు రాత్రివేళ ముదిరే పొడిదగ్గు, ఆయాసం, పిల్లికూతలు, కొద్దిపాటి జ్వరం ఉంటాయి. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల నిండా సన్నని మచ్చలు కనిపించవచ్చును. చూడగానే క్షయ అనిపిస్తుంది. అయితే ఆరోగ్యవంతుని రక్తంలో ఘనమిల్లీమీటరుకు 500 మించని ఇయోసినోఫిల్ కణాలు వీరిలో 3000 దాటుతాయి.

క్షయరోగుల నడుమనే పనిచేస్తూ, దగ్గినవారందరినీ క్షయరోగుల లెక్కలో చేర్చక, వేరుగా ఉన్నదానిని వేరుగా చూడడం ఆ వైద్యుల గొప్పతనం. వారు పెట్టిన పేరులో మాత్రం లోపమున్నది. అది వ్యాధి ఏది కాదో చెప్పినది, ఏదో చెప్పలేదు.

1943 లో వైన్‌గార్టెన్ దీనిని "ఉష్ణమండల ఇయోసినోఫిలియా" అన్నాడు. ఇందులో దేశపు వేడిమి ఉన్నది, రక్తకణం ఉన్నది, కారణం లేదు. తరువాత "ఊపిరితిత్తుల" అన్న మాట చేరి మూడవ పేరైనది. ఇప్పుడు చోటు తెలిసినది, కారణం మాత్రం పేరులోకి రానేలేదు.

ఆ కారణమేమి? 1960 లో వెల్లూరు వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్ ఇటువంటి రోగుల ఊపిరితిత్తులలో ఫైలేరియా సూక్ష్మక్రిములను చూపించారు. క్యూలెక్స్ దోమ ద్వారా బోదకాలు కలిగించే క్రిమి సంతతే ఇవి. బోదక్రిమి సోకినవారిలో చాలామందికి ఈ సూక్ష్మక్రిములు రాత్రి తీసిన రక్తంలో కనిపిస్తాయి. ఈ రోగులలో సాధారణంగా కనిపించవు. శరీరం వాటిని ఊపిరితిత్తులలోనే పట్టి చంపుతుంది. ఆ పోరులో ఇయోసినోఫిల్ కణాలు విడిచే పదార్థాలు ఊపిరితిత్తుల పొరలనే గాయపరుస్తాయి. క్రిమి సోకినవారిలో బహు కొద్దిమందికే ఇలా జరుగుతుంది. అంటే రోగమూలం క్రిమి; బాధకు మూలం దానిపై శరీరం చూపే అతి ప్రతిక్రియ.

ఇక్కడ మన పాఠాలను కూడా విమర్శించక తప్పదు. వ్యాధినిరోధక శక్తిని కోటను కాచే సైన్యంతో పోల్చి చెబుతున్నాము. విన్న పిల్లవాడు అది ఎంత హెచ్చితే అంత మేలనుకుంటాడు. మా రఘునాథపల్లి వైపు పిల్లలకు చెరువు తూము ఉపమానం బాగా నప్పుతుంది. పైరుకు నీరు కావాలి. తూము మూయకపోతే ఆ నీరే పైరును కుళ్ళబెడుతుంది.

చికిత్సకు వాడే డైఇథైల్ కార్బమజీన్ 1947 లో లెడర్లీ ప్రయోగశాల నుండి వెలువడినది. అక్కడి పరిశోధనలకు నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సాధారణంగా మూడు వారాలు ఈ మందు ఇస్తారు. చాలామందికి కొద్దిదినాలలోనే దగ్గు తగ్గుతుంది. అంతమాత్రాన కథ ముగిసినదనుకోరాదు. కొందరిలో చికిత్స తరువాత కూడా సన్నని తాపం ఊపిరితిత్తులలో మిగిలి ఉంటున్నదని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఏళ్ళ తరబడి ఉపేక్షిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, పోయిన శక్తి తిరిగి రాదు.

ఉపాధ్యాయులు దీనినుండి తొందరపాటు తీర్పు నేర్చుకోరాదు. నులిపురుగులు, ఉబ్బసం కూడా ఇయోసినోఫిల్ కణాలను పెంచుతాయి. క్షయ మన దేశంలో నేటికీ విస్తారంగా ఉన్నది. రెండు వారాలు మించిన దగ్గుకు కఫ పరీక్ష ముందు జరగవలసినదే. ఆ పరీక్షలో క్షయ కనబడక, రాత్రిదగ్గు తగ్గని విద్యార్థి ఉంటే, రక్తకణాల లెక్క కూడా చూడుమని వైద్యుని అడగవచ్చును. పేరు దగ్గర ఆగిపోక, కారణం దాకా నడవడమే శాస్త్రం మనకు నేర్పే పాఠం.