ఆముక్తమాల్యద రాజనీతి: అశ్వసేకరణ, అధికార పర్యవేక్షణ

1. ఉపోద్ఘాతం:
ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుడు కుమారునికి చేసిన రాజనీతి బోధను కౌటిల్యుని అర్థశాస్త్రానికి అనుసరణగా చూడడం కద్దు. అయితే సైన్యానికి గుర్రాలను సమకూర్చుకొనే విషయంలో ఈ రెండు గ్రంథాల దృష్టి ఒకటి కాదు. ఆ భేదాన్ని, దాని చారిత్రక కారణాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. అర్థశాస్త్రం - ఉద్యోగిపై నిఘా:
అర్థశాస్త్రం రెండవ అధికరణం ప్రకారం అశ్వాధ్యక్షుడు ప్రతి గుర్రాన్నీ నమోదు చేయాలి. అది కానుకగా వచ్చిందా, కొన్నదా, యుద్ధంలో దొరికిందా, శాలలోనే పుట్టిందా అన్నది తెలపాలి. వంశం, వయస్సు, రంగు, గుర్తులు రాయాలి. ఆయుధాగారాధ్యక్షునికి ఆయుధాల పరిమాణం, మూల్యం తెలిసి ఉండాలి. ఉద్యోగులు రాజధనాన్ని అపహరించే నలభై మార్గాలను కూడా ఈ అధికరణమే పేర్కొంటుంది. ఇక్కడ రాజు అనుమానం ప్రధానంగా తన ఉద్యోగి మీదనే.

3. ఆముక్తమాల్యద - విక్రేతపై ఆదరం:
రాయల పద్యాలలోని భయం వేరు. రేవులను వృద్ధిచేయాలని, దూరదేశాల నుంచి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి ఇళ్లు, కొలువులో గౌరవం, తగిన లాభం కల్పించాలని యామునాచార్యుడు బోధిస్తాడు. అవి శత్రువులకు చేరకుండా చూడడమే దీని పరమార్థం. గజాశ్వాల కొనుగోలును వ్యయంగా ఎంచరాదనడం కూడా ఈ దృష్టిలో భాగమే.

దీనికి కారణం సరఫరాలోనే ఉంది. మేలుజాతి గుర్రాలు పారశీక, అరబ్బు దేశాల నుంచి సముద్రం మీదుగా రావలసినవి. 1510లో పోర్చుగీసువారు గోవాను ఆక్రమించడంతో ఆ వర్తకంపై వారి పట్టు పెరిగింది. సాళువ నరసింహుడు బతికినవైనా చచ్చినవైనా వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల చొప్పున కొన్నాడని, సముద్రంలో చచ్చినవాటికి తోక చూపితే చాలు, సొమ్ము చెల్లించాడని న్యూనిజ్ రాశాడు. న్యూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు. పైగా నరసింహుని కాలం తర్వాత దశాబ్దాలకు రాసినవాడు. కనుక ఆ కథనాన్ని జాగ్రత్తగానే స్వీకరించాలి. అయినా ప్రయాణనష్టాన్ని విక్రేతపై మోపకుండా రాజ్యమే భరించిందన్న అందులోని సారం రాయల పద్యాలతో పొసగుతుంది.

4. ముగింపు:
కౌటిల్యునికి రుజువు లెక్కల పుస్తకం. న్యూనిజ్ కథనంలో రుజువు గుర్రపు తోక. విక్రేతను పోగొట్టుకోరాదన్న అవసరం బలపడినచోట ధరను, నాణ్యతను నిలదీసే అధికారి గొంతు సన్నగిలే ప్రమాదం ఉంది. విక్రేతకు లాభం చూపమన్న పద్యం ఈ ప్రమాదాన్ని ప్రస్తావించదు. అందువల్ల ఈ పద్యాలను శాస్త్రానుకరణగా కాక, గుర్రాల కోసం పరాయి ఓడలపై ఆధారపడిన ఒక పాలకుని అనుభవపత్రంగా చదవడం సమంజసం.