చీర పొడవు కొలిచారా?

అపార్ట్‌మెంటు ప్లాను చేతికి రాగానే అందరి కళ్లూ ముందు హాలు మీదికే పోతాయి. ఆ తరవాత మాస్టర్ బెడ్‌రూమ్, ఆ తరవాత ఈశాన్యం పెరిగిందా తరిగిందా అన్న చర్చ. వంటింటి వెనకాల, డక్టును ఆనుకుని, చెరిపేసినా ఎవరూ పట్టించుకోనంత చిన్న గడి ఒకటి ఉంటుంది. అందులో ‘యుటిలిటీ 4×7’ అని రాసి ఉంటుంది. ప్లాన్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లతో నేను మాట మొదలుపెట్టేది ఆ గడి దగ్గరే. కొందరు నొచ్చుకుంటారు కూడా. “ఫాల్స్ సీలింగ్ గురించి అడుగుదామని వచ్చాం మేడమ్” అంటారు. సీలింగుకేం, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైపు ఒకసారి స్లాబు దాటి కిందికి దిగాక దాన్ని కదపాలంటే కింది ఫ్లాటువాళ్ల సీలింగు కూడా పగలగొట్టాలి.

వెనకటి ఇళ్లల్లో ఈ పనులన్నీ పెరట్లో జరిగిపోయేవి. నూతి పక్కన ఉతికే బండ, దాని పక్కన నీళ్ల గాబు (తెలంగాణలో అయితే గోలెం), అంట్లు తోమే చోటు, కుడితి తొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి దండెం. తడి పని ఒక మూల, పొడి పని ఒక మూల. నీళ్లు ఎటు పోవాలో ఎవరూ గీత గీయలేదు, అరటి చెట్లు తాగేసేవి. ఆ పెరడంతా ఇప్పుడు 28 చదరపు అడుగుల్లోకి వచ్చి సర్దుకు కూర్చుంది. వాషింగ్ మెషీను, సింకు, దండెం, గ్యాస్ బండ, ఇన్వర్టర్ బ్యాటరీ, ఉల్లిపాయల బుట్ట, చీపుళ్లు, మాపు కర్ర, పాత పేపర్లు, పండక్కి మాత్రమే అటక దిగే ఇత్తడి గంగాళం. ఇంతమందికి ఇల్లిచ్చే గదికి మనం ఇచ్చే ఆలోచన మాత్రం టైల్ రంగు దగ్గర ఆగిపోతుంది.

1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం ఒక వంటగది గీసింది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు, అంతే. రైళ్లలో భోజనాల పెట్టె వంటగది చూసి, మనిషి ఎన్ని అడుగులు వేస్తోంది, చెయ్యి ఎక్కడిదాకా అందుతోంది అని లెక్కగట్టి మరీ గీసింది. ఇవాళ్టి మాడ్యులర్ కిచెన్లన్నీ ఆ లెక్కకు వారసులే. వంటింటికి అంత భాగ్యం పట్టింది. మన వెనక గదికి టేపు పెట్టి కొలిచే పని ఇంకా మన మీదే ఉంది.

టేపు ముందు మెషీను దగ్గర పెడదాం. ఫ్రంట్ లోడ్ మెషీను 60 సెంటీమీటర్ల వెడల్పు, 85 ఎత్తు, లోపలికి 55 నుంచి 65 దాకా ఉంటుంది. వెనక పైపులు నలగకుండా ఇంకో 10 వదలాలి. నాలుగడుగులంటే 120 సెంటీమీటర్లు. పొడుగు గోడకు ఆనించారా, ఎదురుగా మిగిలేది 50 చిల్లర. తలుపు తెరిస్తే ఆ చిల్లర కూడా అయిపోతుంది. ఇక మనిషి ఎక్కడ కూర్చుని బట్టలు తియ్యాలి? అందుకే దాన్ని పొట్టి గోడకు పెట్టమంటాను. అప్పుడు ముందు నాలుగున్నర అడుగులు దొరుకుతాయి. టాప్ లోడ్ అయితే ఇబ్బంది పైన. మూత లేవకుండా అరమర దించేసిన ఇళ్లు చాలా చూశాను.

మెషీను దగ్గర ఇంకో తిరకాసు ఉంది. గచ్చుకు వాలు కావాలి, మీటరుకు ఓ సెంటీమీటరైనా దిగాలి, లేకపోతే నీళ్లు జాలీకి పోవు. మెషీనుకేమో వాలు ఉండకూడదు. ఒక కాలు దిగువన ఉంటే స్పిన్ తిరిగేటప్పుడు ఆ 60, 70 కిలోల బరువు గదంతా నడుస్తుంది. కాళ్ల మరలు తిప్పి సరిచేస్తారు, అవి నాలుగు నెలల్లో మళ్లీ వదులవుతాయి. మేస్త్రీ ఉండగానే దాని కింద నాలుగంగుళాల దిమ్మ మట్టంగా పోయించుకుంటే రెండు సమస్యలూ తీరతాయి. అడుగు తుప్పు పట్టదు, వంగడమూ కొంత తగ్గుతుంది. కింద నుంచి ఎలుక దూరకుండా జల్లెడ రేకు బిగించడం మరవకండి. వైర్ల రుచి దానికి బాగా తెలుసు.

పైపుల సంగతి ప్లంబరుకు వదిలేస్తే వదిలేసినట్టే ఉంటుంది. మెషీను నుంచి నీళ్లు బయటికి పోయే గొట్టం నేల మీద పడేయకూడదు. 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకు లేచి, అక్కడ్నించి పైపులోకి దిగాలి. కింద పడేస్తే మెషీను నింపుకున్న నీళ్లు నింపుకున్నట్టే జారిపోతుంటాయి. బట్టలు తడవవు, మెషీను ఆగదు, బిల్లు ఆగదు. పై అంతస్తు కొన్నవాళ్లకు ఇంకో చిక్కు. పది మీటర్ల నీటి ఎత్తుకు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషీన్లు 0.3 బార్ అయినా అడుగుతాయి, అంటే మూడు మీటర్లు. ట్యాంకు నెత్తి మీదే ఉందిగా అని మురిసిపోతారు, అంత దగ్గరగా ఉండటమే ఇబ్బంది. చిన్న ప్రెషర్ పంపుకు చోటూ, ప్లగ్గూ ముందే అనుకోవాలి. హీటరున్న మెషీను రెండు వేల వాట్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్, దానికంటూ ఒక ఎంసీబీ. ఇక బోరు నీళ్లు. తాగే నీటికి ప్రమాణాల సంస్థ చెప్పే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, గత్యంతరం లేకపోతే 600. మన బోర్లు ఎన్నో ఆ రెండో అంకెను కూడా దాటేస్తాయి. హీటరు కడ్డీకి తెల్లటి పెంకు కట్టేది అందుకే. మున్సిపల్ నీళ్ల లైను కూడా ఉన్న ఇల్లయితే ఆ లైన్లోంచే మెషీనుకు కనెక్షన్ ఇప్పించుకోండి.

ఇదంతా సామాన్ల లెక్క. ఈ గదిలో రోజూ గంటో రెండు గంటలో నిలబడే మనిషి లెక్క వేరే. చాలా ఇళ్లల్లో ఆమె ఇంటి యజమానురాలు కాదు, పనికి వచ్చే ఆవిడ. ప్లాను గీసేటప్పుడు ఆమెను పిలిచినవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు. హైదరాబాద్‌లో ఒక ఇంటికి వెళ్లినప్పుడు, ఆ ఇంటివాళ్లు సింకు మార్పిద్దామా అని నన్ను అడుగుతుంటే, తోముతున్న ఆమె వెనక్కి తిరక్కుండానే చెప్పింది: “సింకు మంచిగనే ఉంది మేడమ్. గా నల్లా జర మీదికి పెట్టిస్తే ఐపోవు. గంజు కిందికి పోతలేదు. రోజూ వంచి వంచి కడుగుడే.” చూద్దును కదా, కొళాయి మూతికీ సింకు అంచుకూ మధ్య జానెడు లేదు. వేలకు వేలు పెట్టి కొత్త సింకు కొనబోతున్నారు. మెడ పొడుగ్గా ఉండే కొళాయి బిగిస్తే పని అయిపోయింది.

ఎత్తు దగ్గర బిల్డర్లందరూ ఒకే లెక్క వాడతారు. పొయ్యి గట్టు ఎంతుంటే సింకు గట్టూ అంతే. పొయ్యి మీద గిన్నె పైకి లేస్తుంది, కాబట్టి గట్టు కాస్త కిందికి ఉన్నా చేతులకు హాయి. సింకులో చేతులు తొమ్మిది పదంగుళాలు లోపలికి దిగుతాయి. గట్టు 33 అంగుళాలుంటే చేతులు పనిచేసేది 23 దగ్గర. నడుము ఎందుకు లాగుతుందో వేరే చెప్పాలా? తోమే మనిషి మోచేతికి రెండంగుళాల దిగువన సింకు అంచు ఉండాలి, లోతు ఎనిమిదికి మించకూడదు. వంట గట్టు కంటే రెండు మూడంగుళాలు ఎక్కువ వస్తుంది, చూడ్డానికి వరస కలవదు. కలవకపోతే పోనివ్వండి, అది డ్రాయింగ్ రూము కాదు. గంగాళం, ఇడ్లీ అండా ఏ సింకులోనూ పట్టవు. వాటికి ఓ మూల ఆరంగుళాల కట్ట కట్టించి, బకెట్ పట్టే ఎత్తులో ఒక కొళాయి పెట్టిస్తే పీట వేసుకుని తోముకోవచ్చు. మిగతా రోజుల్లో మాపు బకెట్ అక్కడే ఉంటుంది.

దండెం దగ్గరికి వస్తే, నేను అడిగే మొదటి ప్రశ్న విని నవ్వుతారు: మీ చీర పొడవెంత? అయిదున్నర మీటర్లు. గది పొడవు రెండు మీటర్ల చిల్లర. పొడుగునా తాడు కట్టి చీరను నాలుగు మడతలు పెట్టి వేస్తారు. జులైలో ఆ మడతల మధ్య రెండో రోజుకు కూడా తడి ఆరదు, ముక్కిన వాసన. అదే చీర వెడల్పు చూడండి, 45 నుంచి 47 అంగుళాలు. గది అడ్డం 48. కడ్డీలు పొడుగునా కాదు, అడ్డంగా రావాలి. కప్పుకు అడుగు ఎడంతో నాలుగు కడ్డీలు, ఒక్కోదానికీ కప్పీ. చీరను విప్పి, ఆ కడ్డీల మీదుగా అలలు అలలుగా దించితే ఒక్కో వేలాడు రెండున్నర అడుగులు కూడా ఉండదు, ప్రతి పొరకూ గాలి తగులుతుంది. ఎండ పడకపోయినా ఫరవాలేదు, గాలి ఆడాలి. డక్టులోకి తెరుచుకునే గది అయితే నాలుగు ఫ్లాట్ల బాత్రూముల గాలి అక్కడే ఉంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పదు.

ఇప్పటి ఇంటీరియర్ వాళ్లతో నాకు పేచీ వచ్చేది తలుపుల దగ్గర. కనిపించిన ప్రతిదానికీ ఒక షట్టర్ బిగిస్తారు. గ్యాస్ బండనూ బ్యాటరీనీ కూడా. వంటగ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేల పట్టుకుని పాకుతుంది. యుటిలిటీ గచ్చు వంటింటి కంటే రెండంగుళాలు దిగువన ఉంటుంది కనుక అక్కడే మడుగు కడుతుంది, జాలీ కన్నాల్లోకీ దిగుతుంది. బ్యాటరీ చార్జి అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ దీనికి ఎదురు, పైకి లేచి కప్పు దగ్గర చేరుతుంది. ఒకదానికి కింద కన్నం, ఇంకోదానికి పైన కన్నం కావాలి. షట్టర్ బిగిస్తే రెండూ పోతాయి. బండ జాలీకి దూరంగా, స్విచ్‌బోర్డుకు దూరంగా, నిటారుగా, కళ్లకు కనబడేట్టు ఉండాలి. అందం తక్కువైనా కర్టెన్ కూడా వద్దు.

అరలకు కడప బండ కంటే మంచిది లేదు. చవక, గట్టి, తడికి ఉబ్బదు. అయితే అది సున్నపురాయి జాతి, తాండూరు బండా అంతే. బాత్రూములు కడిగే యాసిడ్ పడితే బుస్సుమని పొంగి గుంట పడుతుంది. యాసిడ్ సీసా పెట్టుకునే అరకు మాత్రం గ్రానైట్ ముక్క వేయించుకోండి. వాస్తు గురించి అడుగుతారని తెలుసు. ఉతుకుడుకు వాయవ్యం మంచిదంటారు, కుదిరితే సరే. కుదరకపోతే పైపు ఎక్కడుందో మెషీను అక్కడే.

తాళాలు తీసుకునే రోజు ఒక బకెట్ నీళ్లు వెంట పట్టుకెళ్లి, జాలీకి దూరంగా ఉన్న మూలలో కుమ్మరించండి. పావుగంట హాలు చూసి రండి. నీళ్లు మూలలో నిలిచినా, వంటింటి గడప వైపు వచ్చినా ఫొటో తీసి రాతపూర్వకంగా ఇవ్వండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఇల్లు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. గచ్చు వాలు కూడా పనితనం కిందికే వస్తుంది. మెషీను దిగి, సామాను సర్దుకున్నాక ఈ పని పెట్టుకుంటే టైల్స్ పగిలేది మీ సామాన్ల మధ్యనే, కాబట్టి ఆ బకెట్ పాలు పొంగించక ముందే వెళ్లాలి.