ఎవరికెన్ని అని అడిగే ముందు

మొన్న రాత్రి ఒక చానల్ చర్చలో ఇద్దరు పెద్దమనుషులు పాత అమెరికా పేచీ ఒకటి తవ్వుకుని కూర్చున్నారు. ‘2008లో హిల్లరీకే ఎక్కువ ఓట్లొచ్చాయి, పార్టీ పెద్దలు టికెట్ ఒబామాకు కట్టబెట్టారు’ అని ఒకాయన. ‘అదేం లేదు, ఓట్లూ ఒబామాకే ఎక్కువ’ అని రెండో ఆయన. ఇద్దరూ కాగితం చూసే అంకె చదివారు. ఎవరిది నిజమో ప్రేక్షకులే తేల్చుకోవాలంటూ యాంకర్ ప్రకటనలకు వెళ్లిపోయింది. నాకు కోపం తెప్పించింది ఆ మాటే. ప్రేక్షకులు ఎలా తేల్చుకుంటారు? ఇద్దరు చదివిన అంకెలూ సరైనవే. ఆ మొత్తంలో ఏమేం కలిపారో, ఏమేం వదిలేశారో మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

ఈ కాలమ్ వదలకుండా చదివేవారికి ఈ విషయంలో నా పట్టుదల తెలుసు. పంతులు ఉద్యోగంలో ఉండగా ఎన్నికల కౌంటింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి. ఈవీఎం బల్ల మీదికి రాగానే ఎవరికెన్ని అని చూడరక్కడ. ఆ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో 17సీ ఫారంలో రాసి ఉంటుంది. మెషీన్ చూపే మొత్తం దానితో సరిపోయిందా లేదా అన్నది ముందు చూస్తారు. ఆ తర్వాతే ఎవరికెన్ని అన్నది. ధాన్యం కొనుగోళ్ల గురించి రాసినా, పుష్కరాలకు వచ్చిన జనం గురించి రాసినా ఇక్కడ నేను అడుగుతూ వస్తున్నది అదే: అంకె తర్వాత చెబుదురుగాని, లెక్కపెట్టింది దేన్నో ముందు చెప్పండి. అమెరికాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగును ప్రైమరీ అంటారు. ఆ ప్రైమరీల దేశవ్యాప్త మొత్తానికి 17సీ లాంటి కాగితమే లేదు.

పార్టీ అభ్యర్థిని తేల్చేది డెలిగేట్లు, అంటే రాష్ట్రాల ప్రతినిధులు. ఒక్కో రాష్ట్రం తన తేదీన, తన పద్ధతిలో ఓటింగ్ పెట్టుకుంటుంది. డెమోక్రాట్లలో 15 శాతం దాటినవారికి ఆ దామాషాలో డెలిగేట్లు దక్కుతారు. 2008లో చివరికి కావలసింది 2,118 మంది. అన్ని రాష్ట్రాల ఓట్లూ కూడి పెద్ద అంకె ఎవరిదో వారే అభ్యర్థి అని ఏ నిబంధనలోనూ లేదు. ఆ కూడిక పత్రికలు చేశాయి, ప్రచార బృందాలు చేశాయి. ఊరికే చేయలేదు. ఓటర్లు గెలిపించిన డెలిగేట్లతోనే ఇద్దరిలో ఎవరూ ఆ గీత దాటేలా లేరు. మిగతాది ఎనిమిది వందల మంది సూపర్ డెలిగేట్ల చేతిలో ఉంది. ఎంపీలు, గవర్నర్లు, పార్టీ నాయకులైన వాళ్లు తమకు నచ్చినవారి వైపు వెళ్లవచ్చు. వాళ్లను ఒప్పించాలంటే ‘జనం నా వైపున్నారు’ అని చూపించుకోవాలి.

మరి జనం ఎవరి వైపున్నారు? రియల్‌క్లియర్‌పాలిటిక్స్ సంస్థ ఆ ఏడాది లెక్క కట్టి ఒక మొత్తం కాదు, ఆరు మొత్తాలు వేసింది. ఫ్లోరిడాను కలిపి మిషిగన్‌ను వదిలేస్తే ఒబామా 41 వేల పైచిలుకు ముందు. మిషిగన్‌ను కూడా కలిపితే హిల్లరీ 2 లక్షల 86 వేలు ముందు. మిషిగన్‌లో ‘అన్‌కమిటెడ్’ గడికి పడ్డ 2 లక్షల 38 వేల ఓట్లు ఒబామావే అనుకుంటే హిల్లరీ ఆధిక్యం 48 వేలకు దిగుతుంది. దానికి అయోవా, నెవాడా, మెయిన్, వాషింగ్టన్ రాష్ట్రాల కాకస్‌ల (పెట్టెలో ఓటు వేయకుండా సభగా చేరి ఎవరి తరఫో చెప్పే పద్ధతి) అంచనా జోడిస్తే మళ్లీ ఒబామా 61 వేలు ముందు. చెరి 1 కోటి 80 లక్షల దగ్గర తూగుతున్న తక్కెడలో ఈ తేడాలన్నీ ఒక శాతం లోపే. ఒక్క రాష్ట్రాన్ని ఎలా చూశామన్నదాన్ని బట్టి విజేత మారిపోతున్నాడు.

మిషిగన్ సంగతి చూడండి. గడువుకంటే ముందే, జనవరి 15న ప్రైమరీ పెట్టుకున్నందుకు పార్టీ ఆ రాష్ట్రం డెలిగేట్లను రద్దు చేసింది. ఒబామా, మరో పోటీదారు ఎడ్వర్డ్స్ బ్యాలెట్ నుంచి పేర్లు వెనక్కి తీసుకున్నారు. హిల్లరీ ఉంచారు. ఒబామా పేరు చేత్తో రాసి వచ్చినవారి ఓట్లు లెక్కలోకే రాలేదు. లేని పేరుకు పడని ఓట్లను సున్నా అందామా, అన్‌కమిటెడ్ అంతా ఆయనదే అందామా? చివరికి మే 31న పార్టీ నిబంధనల కమిటీ రాజధాని వాషింగ్టన్‌లో ఒక హోటల్లో రోజంతా కూర్చుని అక్కడి డెలిగేట్లను 69, 59గా పంచి, ఒక్కొక్కరికి అర ఓటు ఇచ్చింది. ఇంకో చిక్కు: జూన్ 1న ఓటేసిన, అమెరికా రాష్ట్రం కాని ప్యూర్టో రికో దీవిలో హిల్లరీకి 1 లక్ష 41 వేల ఆధిక్యం వచ్చింది. అక్కడివారికి నవంబరులో అధ్యక్షుడికి ఓటేసే హక్కే లేదు. అయినా ప్రైమరీల మొత్తంలో ఉన్నారు.

ఇదంతా కాగితం మీద చదివి తెలుసుకున్నది. ఒక బూత్‌లో మాత్రం కళ్లారా చూశాను.

ఆ మార్చి 4న నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉన్న మా అన్నయ్యావాళ్లింట్లో ఉన్నాను. అన్నయ్యకూ వదినకూ అక్కడి పౌరసత్వం వచ్చి కొన్నేళ్లయింది. పొద్దున ఇద్దరూ వెళ్లి ఓటేసి వచ్చారు. వదిన హిల్లరీకి, అన్నయ్య ఒబామాకి. సాయంత్రం మళ్లీ బయల్దేరుతుంటే వదిన అడిగింది: “ఏవండీ, పొద్దున వేసింది లెక్కలోకి రాదా?”

“వస్తుంది. ఇదీ వస్తుంది,” అన్నాడు అన్నయ్య.

టెక్సస్ డెమోక్రాట్ల పద్ధతి అప్పట్లో అలా ఉండేది. డెలిగేట్లలో మూడింట రెండొంతులు పగటి ప్రైమరీ ఓట్లను బట్టి, మిగతా వంతు రాత్రి కాకస్‌ను బట్టి. పగలు ఆ పార్టీ ప్రైమరీలో ఓటేసినవాళ్లే రాత్రి సభకు రావాలి. బడి క్యాంటీన్‌లో అని చెప్పారు. ఏడుంబావుకు మొదలవ్వాలి. క్యూలో చివరి మనిషి ఓటేసేదాకా మొదలుపెట్టకూడదు. క్యూ కదలడం లేదు. కూర్చోడానికి బల్లలు చాల్లేదు, సంతకాల కాగితాలూ చాల్లేదు. పసిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులున్నారు, చేతికర్రలతో వచ్చిన ముసలివాళ్లున్నారు, అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి ఐడీ కార్డు మెడలోనే వేలాడుతున్న మన కుర్రాళ్లున్నారు. ఒక్కొక్కరూ పేరు రాసి, ఎదురుగా ఎవరి తరఫో రాసి, సంతకం పెట్టాలి. రహస్యం లేదు, అందరికీ కనిపిస్తుంది.

వదిన నర్సు. ఆ రాత్రి డ్యూటీ ఉంది. కాసేపు గడియారం చూసింది, కాసేపు క్యూ చూసింది. “నువ్వుండి చూసి రా బాబూ, పొద్దున చెబుదువుగాని” అని నాతో అని కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది. అన్నయ్య వంతు వచ్చేసరికి తొమ్మిది దాటింది. ఆయన సంతకం పెట్టాడు. ఆమె గొంతు ఆ కాగితం మీద లేదు.

ప్రైమరీ కూడికలో మా అన్నయ్యా వదినా చెరో ఓటు, సమానం. రాత్రి లెక్కలో ఒకటికి సున్నా. టెక్సస్ మొత్తంలోనూ ఇంచుమించు అదే జరిగింది. ప్రైమరీ ఓట్లలో హిల్లరీ లక్ష ముందు. కాకస్‌లో ఒబామా ముందు. రెండూ కలిపితే డెలిగేట్లు ఒబామాకు 99, హిల్లరీకి 94. దేశవ్యాప్త మొత్తాలు వేసినవారు టెక్సస్ ప్రైమరీ ఓట్లు మాత్రమే తీసుకున్నారు. ఆ రాత్రి నేను చూసిన సంతకాలు ఏ మొత్తంలోనూ లేవు. వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి తిరగేసిన కథ. ఫిబ్రవరి 9 కాకస్‌లో ఒబామాకు 68 శాతం. పది రోజుల తర్వాత, డెలిగేట్లతో సంబంధం లేని ప్రైమరీలో దాదాపు ఏడు లక్షల మంది ఓటేస్తే ఆయనకు 51 శాతం. జనాభిప్రాయం ఈ రెంటిలో ఏది?

అయోవా మరీ వేరు. అక్కడ అప్పట్లో హాలులో అభ్యర్థి పేరున ఒక్కో మూలకు చేరి నిలబడేవారు. తగినంత మంది లేని గుంపు విడిపోయి ఇంకో గుంపులో కలవాల్సి వచ్చేది. ఎవరి వైపు ఎన్ని తలలున్నాయో పార్టీ బయటపెట్టేది కాదు. రాష్ట్ర మహాసభకు ఎవరి తరఫున ఎంతమంది పోవచ్చన్న లెక్కనే ఫలితంగా ప్రకటించేది. 2008లో అక్కడ ఒబామాకు వచ్చిందని అందరూ చెప్పే 37.6 శాతం మనుషుల శాతం కాదు.

ఇంతదాకా వచ్చాక, ఈ మొత్తాన్ని అసలు కూడనే కూడదని అనాలి. నియమం తెలిసి ఆడిన ఆటకు తర్వాత కొత్త కొలత తేకూడదన్న మాటలో న్యాయముంది. అయినా నేను ఆ మాట అనను. కూడాల్సిందే అంటాను.

ఎందుకంటే ఆ కూడిక తెగకపోవడానికి కారణం కూడినవాళ్లు కాదు. తలలు లెక్కపెట్టకుండా వదిలేసిన పార్టీలు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ పోటీ చేయకుండానే డెమోక్రాటిక్ అభ్యర్థి అయ్యాడు. చికాగో పార్టీ మహాసభ దగ్గర దానిపై రేగిన ఆగ్రహం చూశాకే పార్టీ మెక్‌గవర్న్, ఫ్రేజర్‌ల కమిషన్‌ను వేసి ఓటర్లకు తలుపు తీసింది. ఓటరును లెక్కించమన్న ఒత్తిడి బయటినుంచి వచ్చిన ప్రతిసారీ ఆ తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. 2016లో అయోవాలో హిల్లరీ, శాండర్స్ పావు శాతం తేడాలో నిలిచారు. అసలు తలలెన్ని అని శాండర్స్ వైపువారు అడిగితే చెప్పడానికి బయటపెట్టిన లెక్క లేదు. ఆ తర్వాత సంస్కరణల కమిషన్ కూర్చుంది. కాకస్‌లు పెట్టేవారు తలల లెక్క ప్రకటించి తీరాలన్న నియమం వచ్చింది. మిన్నెసోటా, కొలరాడో, మెయిన్, వాషింగ్టన్ 2020 నాటికి ప్రైమరీలకు మారాయి. టెక్సస్ రాత్రి కాకస్ 2016కే పోయింది. సూపర్ డెలిగేట్లకు మొదటి రౌండులో, ఫలితం తేలని పోటీలో, ఓటు లేకుండా పోయింది.

2020 ఫిబ్రవరిలో అయోవా మొదటిసారి మూడు లెక్కలూ బయటపెట్టింది: జనం మొదట ఎటు నిలబడ్డారు, చివరికి ఎటు నిలబడ్డారు, డెలిగేట్ల లెక్కకు అది ఎంతయింది. తలల్లో శాండర్స్ ముందు, డెలిగేట్ల లెక్కలో మరో పోటీదారు బుటిజెజ్ వెంట్రుకవాసి ముందు. ఫలితాలు పంపే యాప్ మొరాయించి ఫలితం రోజుల తరబడి ఆలస్యమైంది. కూడికల్లో పొరపాట్లూ ఉన్నాయి. మూడు వరుసలూ పక్కపక్కన ఉండబట్టే పత్రికలు ఆ పొరపాట్లు పట్టగలిగాయి. పాత పద్ధతే ఉంటే బుటిజెజ్ గెలుపొక్కటే లోకానికి తెలిసేది. శాండర్స్ వైపు నిలబడ్డ ఆ ఎక్కువమంది ఎవరికీ కనిపించేవారు కాదు.

అందుకే, ఆరు మొత్తాలు వస్తే ఆరూ వేయండి. ఏ రాష్ట్రం కలిపారో, ఏది అంచనాయో, ఎవరి పేరు బ్యాలెట్ మీద లేదో పక్కనే రాయండి. నామినేషన్ తేల్చేది డెలిగేట్లే, అందులో మార్పు అక్కర్లేదు. కానీ ఒక పార్టీ మనుషుల్ని సాయంత్రం దాకా క్యూలో నిలబెట్టిందంటే, ఎంతమంది నిలబడ్డారో చెప్పాల్సిన బాధ్యత దానిదే. ఆ లెక్క దాచే పార్టీ ఏ దేశంలో ఉన్నా అది చెప్పే గెలుపును నేను సగమే నమ్ముతాను.