ఉద్యానమునందు పాఠపరిష్కారము

గ్రంథమును బట్టి తోఁటను మరల నిర్మించుట యబ్బురముగాఁ దోఁచును గాని, హాలెండు దేశమున నట్టిది జరిగినది. ఆపెల్డోర్ను పట్టణమునొద్ద హెట్‌లో యను ప్రాసాదమును దృతీయవిలియము 1680వ దశకమునఁ గట్టించెను. దానివెనుక నిరుప్రక్కలు సరిపోలునట్లు మళ్లును, జలయంత్రములును, విగ్రహములును నమర్పఁబడెను. ఆ ప్రభువు వైద్యుఁడు వాల్టరు హారిసు 1699లో నీ తోఁటను వర్ణించి యొక గ్రంథమును బ్రకటించెను.

1806లో హాలెండునకు రాజైన లూయి బోనపార్టు పాతతీరును మెచ్చక, దానిని మట్టితోఁ గప్పించి, సహజవనమును బోలు తోఁట వేయించెను. 1977 మొదలు 1984 వఱకు జరిగిన పునరుద్ధరణమున నచటి యీ రెండవ తోఁటను దొలఁగించి, త్రవ్వకములలో బయల్పడిన పునాదులను, బ్రాచీనచిత్రములను, హారిసు గ్రంథమును బ్రమాణములుగాఁ గొని మొదటి తోఁటను మరల వేసిరి.

హారిసు గ్రంథమునందలి గుణ మేది? అతఁడు చూచువాఁడు నడచు క్రమముననే యొక్కొక్క భాగమును జెప్పుచుఁ గొలతలను గూడ నిచ్చెను. మన ప్రబంధములలోని యుద్యానవర్ణనము రసమునకై పుట్టినది. దానినుండి తోఁట వేయఁబూనుట కవికి నన్యాయము చేయుటయే. హారిసు కవి గాఁడు, సాక్షి.

కాని యిచట నొక సంశయము గలుగును. నూటడెబ్బది యేండ్లు నిలిచిన రెండవ తోఁట యపపాఠమా, పాఠాంతరమా? గ్రంథపరిష్కర్త తాను గ్రహింపని పాఠమును బుట యడుగున నుంచును. తోఁటకు నట్టి చోటు లేదు. నఱకిన చెట్టు పాఠాంతరముగా మిగులదు.

వ్యాకరణమున నాదేశము స్థానివలెనే కార్యములను బొందును. అయినను స్థానియందలి వర్ణమునే యాశ్రయించు విధులలో నీ న్యాయము చెల్లదు. ఈ తోఁటయు నట్టిదే. సన్నివేశమును దెలిసికొనుటకు దీనిని విలియము తోఁటగా గ్రహింపఁదగును. ఆనాఁటి మొక్కకు సాక్ష్యముగా గ్రహింపఁదగదు. తెగులు సోఁకిన బాక్సువుడ్డు అంచుల స్థానమున నిటీవల వేఱొక మొక్కను నాటిరి. ఆకారము నిలిచినది, వస్తువు మాఱినది.

కావునఁ బునరుద్ధరణము దోష మనను. ఆదేశమును స్థాని యని చెప్పుటయే దోషము. శిథిలపత్రములలోని లోపములను బూరించు మనము సైతము పూరించిన యక్షరములను గుండలీకరించి చూపుదుము గాక.