జబ్బు ఒకటే, జవాబు వేరు

గన్నవరం, తిరుపతి, ప్రొద్దుటూరు కాలేజీల్లో చదివి అమెరికా వచ్చిన మన పశువైద్యుల నోట తరచూ వినే మాట ఒకటుంది. "అక్కా, అర్ధరాత్రి టార్చిలైటు పట్టించుకుని అడ్డం తిరిగిన దూడను బయటికి తీసినదాన్ని. ఇప్పుడు మళ్లీ అ ఆల నుంచి పరీక్షలా?" వాళ్ల ఉక్రోషం నాకు తెలుసు. పర్చూరు వైపు పశువుల ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసి, మావారి ఉద్యోగం వెంట ఇక్కడ దిగిన కొత్తలో నేనూ అదే పాట పాడాను.

మన దేశంలోని ఏ పశువైద్య కళాశాలకూ అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ గుర్తింపు లేదు. అందుకని బీవీఎస్సీ పట్టాతో వచ్చినవాళ్లు ఆ సంఘం నడిపే ఈసీఎఫ్‌వీజీ దారో, రాష్ట్ర బోర్డుల సమాఖ్య నడిపే పేవ్ దారో పట్టాలి. మొదటి దారిలో ఇంగ్లిష్ పరీక్ష, 225 ప్రశ్నల రాతపరీక్ష, ఆపైన చేతిపని పరీక్ష ఉంటాయి. ఈ చివరిదానికి ఏడు భాగాలు: మత్తు, ఆపరేషన్, కుక్కలూ పిల్లుల వైద్యం, పాడి పశువులు, గుర్రాలు, ఎక్స్‌రేలు, శవపరీక్ష. ఇక్కడే చదివినవాళ్లకూ తప్పని 360 ప్రశ్నల నావ్లీ పరీక్ష సరేసరి. అవన్నీ గట్టెక్కితే రాష్ట్ర లైసెన్సు. ఈలోగా చాలామంది ఏదో క్లినిక్‌లో సహాయకులుగా బోనులు కడుగుతూ నెట్టుకొస్తారు.

పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాక అర్థమైందేమిటంటే, ఈ పరీక్షల్లో పశువు సంగతి సగమే. మిగతా సగం దేశం సంగతి.

గాలికుంటు తీసుకోండి. ఆవు చొంగ కారుస్తుంది, నోట్లో పుళ్లు, గిట్టల మధ్య పుళ్లు. మన దగ్గరైతే పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, నోటికి బోరోగ్లిజరిన్ రాసి, మిగతా వాటికి దూరంగా కట్టెయ్యమంటాం. 2019 నుంచి కేంద్రం పెద్ద ఎత్తున టీకాలు వేయిస్తోంది కూడా. అమెరికాలో ఈ జబ్బు చివరిసారి కనబడింది 1929లో. ఇక్కడ ఆవు నోట్లో అలాంటి పొక్కు చూస్తే చెయ్యాల్సింది వైద్యం కాదు. పశువునూ మనిషినీ దొడ్డి దాటనివ్వకుండా వెంటనే ప్రభుత్వ పశువైద్యాధికారికి ఫోను చెయ్యాలి. పర్చూరులో మెచ్చుకునే చికిత్స ఇక్కడ జవాబుగా రాస్తే సున్నా.

ఈ జాగ్రత్త వెనక మన పశువుల పాత్రా ఉంది. 1920లో భారత్ నుంచి బ్రెజిల్ వెళ్తూ ఆంట్‌వెర్ప్ రేవులో ఆగిన పశువుల వల్ల బెల్జియంలో రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటువ్యాధి చెలరేగింది. ఆ దెబ్బతోనే 1924లో పారిస్‌లో ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పుట్టింది. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెల్లూరు పేరుతో మందలకు మందలు ఏలుతోందని గర్వంగా చెప్పుకుంటాం. 1962 ప్రాంతంలో వెళ్లిన గిత్తలను ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో ఆపి, జబ్బు లేదని తేలాకే ఒడ్డు చేర్చారన్నది మాత్రం చెప్పుకోం. గిత్తకే తప్పని తనిఖీ డాక్టరుకు తప్పుతుందా?

చేతిపని పరీక్షలో అన్నిటికన్నా చెమటలు పట్టించేది ఆపరేషన్. ఆడకుక్కకు గర్భసంచి తియ్యాలి. గేదెను చెట్టు కింద పడుకోబెట్టి, కోసే చోట మాత్రమే మొద్దుబారేలా సూదులు పొడిచి సిజేరియన్ చేసిన చేతులకు అదొక లెక్కా అనిపిస్తుంది. కానీ గ్లవ్ వేసుకున్న చెయ్యి నడుము కిందికి జారిందా, అది అపవిత్రమైనట్టే. నీకు నువ్వే గమనించి గ్లవ్ మార్చాలి. మత్తులో ఉన్న కుక్క గుండె వేగం, ఊపిరి, రక్తపోటు అయిదు నిమిషాలకోసారి కాగితం మీద పడాలి. రాయనిది చెయ్యనట్టే. మన మండల ఆసుపత్రిలో ఓపీ రిజిస్టరులో రైతు పేరు, ఊరు, ఒక వరస మందులు రాస్తే రోజు గడిచిపోయేది. ఈ రాత అలవాటు మాత్రం మన కాలేజీలు రేపే మొదలుపెట్టినా మంచిదే.

విషాలూ దేశాన్ని బట్టే మారతాయి. చలి రాష్ట్రాల్లో కారు ఇంజన్‌లో పోసే యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి, మూత్రపిండాలు పోగొట్టుకుంటాయి. మన కేసు షీట్లలో అది ఎప్పుడూ తగల్లేదు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. ఓ అమెరికన్ డాక్టరు చిలకలూరిపేటలో బోర్డు పెట్టుకుంటానన్నాడనుకోండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరులో పేరెక్కనిదే ఆయనా సూది పట్టకూడదు. ప్రశ్నలు నన్ను వెయ్యమంటే మూడే వేస్తాను. ఒకటి: మిర్చి చేలో మందు కొట్టిన మర్నాడు గట్టు గడ్డి తిన్న గేదె వణుకుతోంది, చొంగ కారుస్తోంది, కంటిపాప సూదిమొనంత అయింది. ఎట్రోపిన్ తీసేముందు రైతును ఏం తెమ్మంటావు? (పురుగుమందు డబ్బా. దాని మీద ఏ మందని రాసుందో చూడాలి.) రెండు: కుంటుతున్న ఎద్దుకు డైక్లోఫెనాక్ ఎందుకు వెయ్యకూడదు? (కళేబరం తిన్న రాబందులు చస్తాయి. 2006లోనే పశువులకు నిషేధించారు.) మూడు: ఈనిన గేదెకు మాయ పడలేదు. యాంటీబయోటిక్ వేశావు. ఆ పాలు పాలకేంద్రానికి పొయ్యొద్దని, రోజువారీ ఖర్చు ఆ పాల మీదే నడిచే ఇల్లాలికి ఎలా చెబుతావు?

మూడో ప్రశ్నకు ఆయనకు కనీసం ఒక మిర్చి సీజను పడుతుంది. అలాంటప్పుడు వాళ్ల ఊరి సంగతులు నేర్చుకోడానికి మనకు రెండు మూడేళ్లు పట్టడం అన్యాయమని నేను అనను. వేల డాలర్ల ఫీజులు మాత్రం అన్యాయమే.